మంచి ముక్కలు, బిగింపు ఆట: కృష్ణా తీరంలో పేకాట చరిత్ర

కృష్ణా తీరపు ఊళ్లలో డబ్బు పెట్టి ఆడే పేకాటల్లో మూడు ముఖ్యమైనవి: కోతముక్క, మూడు ముక్కలాట, రమ్మీ. కోతముక్కలో ఆటగాడి చేతిలో ముక్కలే ఉండవు. కోసిన ముక్కకు జోడీ లోపల పడుతుందా, బయట పడుతుందా అన్నదే పందెం. మిగిలిన రెండింటిలో ఎవరి ముక్కలు వారికే కనిపిస్తాయి. వాటిని చూసుకుని ఆడాలో పడేయాలో ఎవరికి వారే తేల్చుకోవాలి. మంచి ముక్కలు పడ్డప్పుడు ఎంత పెట్టాలి, ఊరికే ఆడని మనిషి ఈసారి ఎందుకు నిలబడ్డాడు అన్న లెక్క ఇక్కడే మొదలవుతుంది. పోకర్ పుస్తకాలు ఈ లెక్క చుట్టూ పెద్ద శాస్త్రాన్నే కట్టాయి. తెలుగునాట పోకర్ పేరు వినపడక ముందే ఈ లెక్క రెండు ఆటల్లో నలిగింది. ఆటలో నేర్పు ఎంత, అదృష్టం ఎంత అన్న వివాదం తెలుగు నేల నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

భారతదేశంలో పేక చరిత్ర గంజీఫాతో మొదలవుతుంది. బాబరు 1527లో సింధులోని ఒక మిత్రుడికి గంజీఫా పేక పంపినట్టు తన స్వీయచరిత్రలో రాసుకున్నాడు. అక్బరు కాలపు గంజీఫా వివరాలు అయినీ అక్బరీలో ఉన్నాయి. మొగలు గంజీఫాలో ఎనిమిది రంగులు, రంగుకు పన్నెండు చొప్పున 96 ముక్కలు. దశావతార గంజీఫాలో పది రంగులు, 120 ముక్కలు. లక్క పూతతో మెరిసే ఆ గుండ్రటి ముక్కలను తెలుగునాట కర్నూలు ప్రాంతంలోని నొస్సం చిత్రకారులు తయారు చేసేవారు. గంజీఫాలో పడిపోయిన ముక్కలను గుర్తు పెట్టుకున్నవాడిదే పైచేయి. చేతిలో మిగిలిన ముక్క ఆ రంగులో అన్నిటికన్నా పెద్దదో కాదో తెలియనివాడు మంచి ముక్కలుండీ ఓడిపోతాడు.

నాలుగు రంగుల 52 ముక్కల పేక ఐరోపా వర్తకులతో తీరానికి వచ్చింది. మచిలీపట్నంలో డచ్చివారు 17వ శతాబ్దం మొదట్లోనే స్థిరపడ్డారు, ఇంగ్లీషువారు 1611లో దిగారు. తెలుగు పేకలోని కళావరు, ఆటీను అన్న పేర్లు డచ్చి పేర్లకు దగ్గరగా ఉండటం ఆ రాకకు గుర్తు. 19వ శతాబ్దం చివరికి పేకాట మధ్యతరగతి ఇళ్లలోనూ, వేశ్యల ఇళ్లలోనూ, కచేరీ ఉద్యోగుల మధ్యనూ పాతుకుపోయింది. గురజాడ ‘కన్యాశుల్కం’లో మధురవాణి, పోలిశెట్టి కూర్చుని ఆడే పేకాట రంగం తెలుగు పాఠకులకు బాగా తెలిసిందే. ఆ రంగంలో ముక్కల కన్నా మనుషుల స్వభావాలే ఎక్కువగా బయటపడతాయి.

కృష్ణా డెల్టాలో పేకాటకు అనువైన పరిస్థితిని వ్యవసాయమే కల్పించింది. బెజవాడ దగ్గర ఆనకట్ట 1855లో పూర్తయి కాలువల కింద వరి విస్తరించాక, కోతలు కాగానే చేతిలో డబ్బూ, చేయడానికి పని లేని రోజులూ ఒకేసారి వచ్చేవి. సంక్రాంతి సరిగ్గా ఆ సమయంలోనే పడుతుంది. కోడిపందేల బరుల పక్కన గుండాట, కోతముక్క శిబిరాలు వెలవడం నేటికీ పోలేదు. బెజవాడ రైలు కూడలి అయ్యాక ప్రయాణంలో తువ్వాలు పరిచి ఆడే పేక కూడా పెరిగింది. ఇబ్రహీంపట్నం ఇలాంటి దారుల కూడలి. కృష్ణ ఒడ్డున, కొండపల్లి కోట కింద, హైదరాబాదు రోడ్డు మీద ఉన్న ఊరు ఇది. 1979లో ఇక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉత్పత్తి మొదలుపెట్టాక రైతుకూలీల ఊరు షిఫ్టు ఉద్యోగుల ఊరుగా, లారీల ఊరుగా మారింది. పంట డబ్బు ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తుంది, జీతం నెలనెలా వస్తుంది. పేకాటకు ఈ తేడా చిన్నది కాదు.

ముక్కలు చేతిలో పట్టుకుని ఆడే ఆ రెండు ఆటల్లో పాతది మూడు ముక్కలాట. ఇంగ్లండులో బ్రాగ్ అనే ఆటకు ఇది దగ్గరి చుట్టం. 52 ముక్కల నుంచి మూడేసి తీస్తే 22,100 రకాల చేతులు వస్తాయి. ఒకే అంకె మూడు ముక్కలు 52 విధాలుగా, ఒకే రంగు సీక్వెన్స్ 48 విధాలుగా, కలగలుపు రంగుల సీక్వెన్స్ 720 విధాలుగా, ఒకే రంగు ముక్కలు 1,096 విధాలుగా, జత 3,744 విధాలుగా వస్తాయి. మిగిలిన 16,440 చేతుల్లో ఇవేవీ ఉండవు. అంటే నాలుగు పంపకాల్లో దాదాపు మూడింట ఆటగాడికి జత కూడా పడదు.

మంచి ముక్కలు పడితే తప్ప నిలబడకుండా బిగించి ఆడేవాడి బలమూ బలహీనతా ఈ అంకెల్లోనే ఉన్నాయి. జత లేనిదే నిలబడని మనిషిని తీసుకుంటే, అతను నిలబడే చేతులు 5,660 మాత్రమే. ఇలా పడేయకుండా నిలబడే ముక్కల మొత్తాన్ని పోకర్ ఆటగాళ్లు రేంజ్ అంటారు. ఆసుల జత పట్టుకున్నవాడు ముక్కలు చూడకుండా ఆడే మనిషి మీద దాదాపు నిశ్చింతగా పందెం పెంచవచ్చు. ఆ జతను కొట్టగల చేతులు 1,916, అంటే నూటికి తొమ్మిదికి లోపే. అదే ఆసుల జతతో బిగింపు మనిషిని ఢీకొంటే ఆ 1,916 చేతులను 22,100తో కాక 5,660తో పోల్చాలి. అప్పుడు ఓడే అవకాశం సుమారు నూటికి 34. ముక్కలు మారలేదు, ఎదుటి మనిషి మారాడు, ప్రమాదం నాలుగింతలైంది. అతను ఇంకా బిగించి ఒకే రంగు ముక్కలకు తక్కువైతే ఆడనివాడైతే ఆసుల జతకు గెలిచే దారే లేదు. అక్కడ ఒకే రంగు చేయి కూడా అట్టడుగు మెట్టే. దానికి పైనున్న 820 చేతులు అతను నిలబడే 1,916లో నూటికి 43 వంతులు. అలాంటి మనిషి మీద ధీమాగా పందెం పెంచాలంటే సీక్వెన్స్ ఉండాలి.

ఈ లెక్కకు రెండో ముఖం కూడా ఉంది. బిగింపు మనిషి నాలుగింట మూడుసార్లు పడేస్తాడు కాబట్టి, అతనొక్కడే ఎదురుగా ఉన్నప్పుడు పనికిరాని ముక్కలతోనైనా పందెం పెంచి మధ్యలోని డబ్బు లాగేయవచ్చు. మధ్యలో వంద రూపాయలుంటే, రెండు వందలు పెట్టి బెదిరించినా మొత్తం మీద లాభమే. ఎదుట నలుగురు బిగింపు మనుషులుంటే మాత్రం అందరూ ఒకేసారి పడేసే అవకాశం నూటికి 31కి దిగిపోతుంది, బెదిరింపు నష్టాల బేరమవుతుంది. అందుకే అనుభవమున్నవారు ఇలాంటి మనిషి దగ్గర పందేలు మధ్యరకం ముక్కలతో పెంచరు. మధ్యరకం ముక్కలకు భయపడి పడేసేవాడు అంతకన్నా తక్కువవాడే, నిలబడేవాడు ఎక్కువవాడు. పెంచితే పైనున్న చేతులతో పెంచాలి, లేదా బొత్తిగా విలువ లేని వాటితో పెంచాలి. ఈ ఫలితాన్ని గణితంగా మొదట నిరూపించింది జాన్ వాన్ న్యూమన్. 1928లో ఆయన వేసిన పునాది మీద, ఆస్కార్ మార్గెన్‌స్టెర్న్‌తో కలిసి 1944లో వెలువరించిన గ్రంథంలో పోకర్ నమూనాకు ఒక విభాగమే కేటాయించారు. ఆ నమూనాలో పెద్ద పందెం కట్టేది అత్యుత్తమ చేతులూ, అధమ చేతులూ, మధ్యవి ఊరుకుంటాయి.

మూడు ముక్కలాటలో మరో కిటుకు బ్లైండు. ముక్కలు చూడకుండా ఆడేవాడు ఒకటి పెడితే చూసి ఆడేవాడు రెండు పెట్టాలి. బ్లైండు ఆడేవాడి రేంజ్ మొత్తం 22,100 చేతులూ కాబట్టి అతన్ని చదవడానికి ఏమీ ఉండదు. ఒకటి రెండు చుట్లు బ్లైండు ఆడి, తర్వాత చూసుకుంటే మంచి ముక్కలు తేలినవాడు ఆ అనుమానపు నీడలోనే డబ్బు పెంచుకుంటాడు. చూసి నిలబడ్డ బిగింపు మనిషికి ఆ అవకాశం లేదు. చూశాక కూడా అతను ఆడుతున్నాడంటేనే ముక్కలు సగం చెప్పేసినట్టు.

చట్టం దృష్టి ఈ లెక్కల మీద లేదు. 1867 నాటి పబ్లిక్ గ్యాంబ్లింగ్ చట్టం దేశంలో జూదగృహాల మీద తొలి విస్తృత కట్టడి. కృష్ణా జిల్లా మద్రాసు రాజధానిలో ఉండేది కనుక ఇక్కడ నడిచింది 1930 నాటి మద్రాసు గేమింగ్ చట్టం. కేవలం నేర్పు మీద నడిచే ఆటలకు ఆ చట్టం మినహాయింపు ఇచ్చింది. నిజాం రాజ్యంలో 1305 ఫసలీ నాటి, అంటే 19వ శతాబ్దపు చివరి దశకం నాటి హైదరాబాదు జూద చట్టం అమల్లో ఉండేది. 1956లో రాష్ట్రం ఒకటైనా ఈ రెండు చట్టాలూ దేనికది నిలిచాయి. ఇబ్రహీంపట్నం నుంచి హైదరాబాదు రోడ్డున బయల్దేరి నల్గొండ జిల్లాలో అడుగుపెడితే రాష్ట్రం మారదు గానీ పేకాట మీద చట్టం మారేది. పద్దెనిమిదేళ్ల తర్వాత 1974 ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం రెండింటినీ తీసేసి ఒక్కటి చేసింది. నేర్పు ఆటల మినహాయింపును అదీ ఉంచింది.

ఈలోపు రమ్మీ వచ్చి మూడు ముక్కలాటను క్లబ్బుల్లోంచి నెట్టేసింది. దానికి కారణం ఒక తీర్పు. సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద 1963 మే నెలలో పోలీసులు దాడి చేశారు. డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారని కేసు పెట్టారు. మేజిస్ట్రేటు శిక్ష వేశారు, హైకోర్టు కొట్టేసింది, రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ వర్సెస్ కె. సత్యనారాయణ పేరుతో ప్రసిద్ధమైన ఆ కేసులో 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా తీర్పు రాశారు. రమ్మీలో పడిన ముక్కలను గుర్తు పెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పడేయాలో తెలియాలి. అందువల్ల అది ప్రధానంగా నేర్పు ఆట అన్నారు. మూడు ముక్కలాట మాత్రం శుద్ధ అదృష్టపు ఆట అన్నారు. సభ్యుల దగ్గర ఆట సదుపాయానికి క్లబ్బు కొంత రుసుము తీసుకున్నంత మాత్రాన జూదగృహం కాదనీ, ఆట మీదే లాభం తీస్తే మాత్రం నేరం కావచ్చనీ గీత గీశారు. ఆ గీతే తర్వాతి యాభై ఏళ్ల పాటు తెలుగునాట ప్రతి రిక్రియేషన్ క్లబ్బుకూ ఆధారం.

ఆ తీర్పు నేర్పును రెండు చోట్ల చూసింది: జ్ఞాపకంలో, ముక్కల ఎంపికలో. ఎదుటి మనిషి ఏ ముక్కలతో నిలబడతాడన్న అంచనాను లెక్కలోకి తీసుకోలేదు. పై అంకెలను బట్టి చూస్తే మూడు ముక్కలాటను శుద్ధ అదృష్టం అనడం పూర్తిగా నిలవదు. బిగింపు మనిషినీ తెగింపు మనిషినీ ఒకేలా ఎదుర్కొనేవాడికీ, విడదీసి చూసేవాడికీ మధ్య తేడా ఖచ్చితంగా ఉంది. కాకపోతే ఆ తేడా ఒక పంపకంలో తేలదు, వేలకొద్దీ పంపకాల్లో తేలుతుంది. పండగ శిబిరంలో ఒక రాత్రి కూర్చునే మనిషికి అంత వ్యవధి ఉండదు. ఆ రాత్రికి అతని మీద పనిచేసేది అదృష్టమే. న్యాయమూర్తి మాట గణితంగా అసంపూర్ణమే కానీ, ఆటలో నిజంగా నష్టపోయే మనిషి వైపు నుంచి చూస్తే సబబే.

రమ్మీలో బిగింపు ఆటకు వేరే రూపం. 13 ముక్కల ఆటలో మొదటి చుట్టులోనే డ్రాప్ అయితే 20 పాయింట్లు, మధ్యలో డ్రాప్ అయితే 40, లైఫ్ లేకుండా దొరికిపోతే ఫుల్ కౌంట్, గరిష్ఠంగా 80. 101 పాయింట్లకు చేరినవాడు ఆట నుంచి తప్పుకునే 101 పూల్‌లో ఈ లెక్కే నడుస్తుంది. 201 పూల్‌లో డ్రాప్‌లు 25, 50 అవుతాయి. జోకరు సాయం లేని సీక్వెన్స్‌ను తెలుగు ఆటగాళ్లు లైఫ్ అంటారు. లైఫ్ గానీ, రెండు జోకర్లు గానీ ఉంటే తప్ప ఆడని మనిషి ప్రతి బల్ల దగ్గరా ఒకడుంటాడు. అతను డ్రాప్ కాలేదంటే లైఫ్ ఉన్నట్టే అనుకుని మిగిలినవారు ముక్క వదులుతారు. ఇలాంటి మనిషి మీద మంచి ముక్కలు పడ్డప్పుడు చేయవలసింది త్వరగా షో కొట్టడం. ఇంకొక పెద్ద చేయి కోసం ఆగితే ఆగిన ప్రతి చుట్టూ అతనికి అనుకూలమే, ఎందుకంటే అతను అప్పటికే సగం దారిలో ఉన్నాడు. రమ్మీలో పందెం పెంచడం లేదు కాబట్టి బిగింపు మనిషి దగ్గర మంచి ముక్కలకు దక్కేది తక్కువ. చాలాసార్లు డ్రాప్ పాయింట్లే వస్తాయి. అతని నుంచి అసలు లాభం మధ్యరకం ముక్కలతో వస్తుంది. అందరూ డ్రాప్ అయితే మిగిలినవాడు ముక్కలు చూపకుండానే ఆట గెలుస్తాడు. మూడు ముక్కలాటలో మధ్యరకం ముక్కలు ఊరుకోవాలి, రమ్మీలో అవే పనిచేయాలి. రెండు ఆటల మధ్య ఈ తారుమారు గమనించదగినది.

బిగింపు ఆటకు ఒక శత్రువు ఉంది, అది నిర్వాహకుడి వాటా. ప్రతి ఆటలోంచీ ఇంత అని తీసే చోట, నలుగురు బిగింపు మనుషులు రాత్రంతా డ్రాప్‌లు మార్చుకుంటే తెల్లారేసరికి నలుగురూ నష్టంలోనే ఉంటారు. చట్టం ఆట మీద లాభం తీయడాన్ని నేరంగా చూడటంలో ఎంతో వివేకం ఉంది. నేర్పు ఎంత ఉన్నా వాటా ముందు అరిగిపోతుంది.

పోకర్ తెలుగునాట ఆలస్యంగా, ప్రధానంగా కంప్యూటర్ తెరల మీదుగా వచ్చింది. 19వ శతాబ్దపు తొలి దశకాల్లో అమెరికాలో మిసిసిపీ నది పొడవునా 20 ముక్కలతో పుట్టిన ఆట, శతాబ్దం మధ్యకు 52 ముక్కలకు పెరిగింది. ఇప్పుడు ఎక్కువగా ఆడే టెక్సస్ హోల్డెమ్‌లో ఆటగాడికి రెండు ముక్కలు విడిగా ఇచ్చి, బల్ల మీద ఐదు ముక్కలు అందరికీ పరుస్తారు. మొదటి రెండు ముక్కలు 1,326 రకాలుగా రావచ్చు. రాజుల జత వాటిలో రెండో స్థానంలో ఉన్న చేయి. ఏ ముక్కలో తెలియని మనిషి మీద నూటికి 82 సార్లు గెలుస్తుంది. ఎదుటివాడు రాణుల జత, రాజుల జత, ఆసుల జత, ఆసు-రాజు తప్ప మరేమీ ఆడనివాడైతే లెక్క వేరు. రెండు రాజులు మన చేతిలోనే ఉన్నాయి కనుక అతనికి మిగిలినవి ఆసుల జత ఆరు విధాలు, రాణుల జత ఆరు విధాలు, ఆసు-రాజు ఎనిమిది విధాలు, రాజుల జత ఒక్క విధం; మొత్తం 21. వాటి మీద గెలుపు నూటికి 57 దగ్గర ఆగుతుంది. ఇంకా లాభమే, కానీ ఉన్నదంతా తోసేసేంత ధీమా కాదు. అతను మళ్లీ మళ్లీ పెంచి ఆసుల జత, రాజుల జత తప్ప లేవని చెప్పకనే చెప్తే ఏడింట ఆరు విధాల్లో రాజుల జత వెనకబడే ఉంది. పందెం పెంచడానికి సరిపోయే ముక్కలు, ఎదుటివాడు పెంచినదానికి ఎదురు నిలవడానికి సరిపోవని అమెరికన్ రచయిత డేవిడ్ స్క్లాన్‌స్కీ సూత్రీకరించింది ఈ సంగతినే.

పోకర్ నేర్పు ఆటా కాదా అన్న విషయంలో దేశంలో ఏకాభిప్రాయం రాలేదు. పశ్చిమ బెంగాల్ 1957 చట్టం బ్రిడ్జి, రమ్మీలతో పాటు పోకర్‌నూ జూదం నిర్వచనం నుంచి తప్పించింది. నాగాలాండ్ దాన్ని నేర్పు ఆటల జాబితాలో చేర్చింది. గుజరాత్ హైకోర్టు 2017లో అదృష్టపు ఆటే అన్నది. 1967 కొలబద్దను పోకర్‌కు పెడితే ఈ చిక్కు తప్పదు. హోల్డెమ్‌లో పారేసే ముక్కలు లేవు, పేర్చే సీక్వెన్స్ లేదు. నేర్పంతా ఎదుటివాడి రేంజ్‌ను అంచనా వేయడంలోనూ, దానికి తగ్గ పందెం కట్టడంలోనూ ఉంది. సత్యనారాయణ తీర్పు తూచకుండా వదిలిన నేర్పు అదే.

తెలుగు రాష్ట్రాలు ఈ తర్కం ముగిసేదాకా ఆగలేదు. ఫోన్లలో రమ్మీ వచ్చాక రాత్రీ పగలూ తేడా పోయింది, అప్పుల పాలైన కుటుంబాల కథలు ఊరూరా వినిపించాయి. తెలంగాణ 2017లో గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో ఆర్డినెన్సు తెచ్చి, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీ, పోకర్‌లను నేరం చేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టాన్ని ఆమోదించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ, నేర్పుతో నడిచినా అదృష్టంతో నడిచినా, అది నిషేధించింది. తెర మీద ఆటకు 1967 నాటి గీత ఇక పనిచేయదు. 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో భాగమైన ఇబ్రహీంపట్నంలో కాగితపు ముక్కలతో, బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆటకు మాత్రం 1974 చట్టమే వర్తిస్తుంది.